కాలి సమస్యలకు ఎవరి మాట నమ్మాలి? ముందు ఆ కాలికి స్పర్శ ఉందో లేదో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి అరవై దగ్గర పడుతున్నాయి, పదేళ్ళుగా షుగర్. పొద్దున్నే మంచం దిగగానే మడమ నొప్పి, కుడి చిటికెన వేలి కింద ఆనెకాయ, వేళ్ళ సందుల్లో దురద. యూట్యూబులో ఒకాయన ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టమన్నాడు, పక్కింటావిడ ఆనెకాయ మీద కార్న్ క్యాప్ అనే మందు పట్టీ అంటించమంది, మందుల షాపులో ఏదో ట్యూబు ఇచ్చారు. ఇంగ్లీషు సైట్లు తెరిస్తే ప్రతిదీ చివరికి ‘పోడియాట్రిస్టును (పాదాల వైద్యుణ్ణి) కలవండి’ అంటుంది. వీటిల్లో ఏది నమ్మాలి అని.

నేను షుగర్ పేషెంట్ల కాళ్ళకు డ్రెస్సింగులు చేసే గదిలో చాలా ఏళ్ళు పనిచేసిన నర్సుని. డాక్టర్ని కాదు, అమ్మగారి కాలిని చూడలేదు. ఆ హద్దులో ఉండే చెబుతాను.

మీకు వచ్చిన సలహాల్లో శుద్ధ అబద్ధాలు తక్కువే. వేడినీళ్ళు, కార్న్ క్యాపు కొందరికి పనికొచ్చేవే. చిక్కంతా ఎక్కడుందంటే, అవి ఎవరి కాలికో ఎవరూ చెప్పడం లేదు. స్పర్శ బాగున్న పాతికేళ్ళ కుర్రాడికి హాయినిచ్చే వేడినీళ్ళే మొద్దుబారిన కాలికి బొబ్బలు తెస్తాయి. అందుకే కాళ్ళ గురించి ఏది చదివినా, విన్నా నేను మొదట చూసేది ఒక్కటే: మందు చెప్పే ముందు ‘మీకు షుగర్ ఉందా, కాలికి స్పర్శ తెలుస్తోందా, రక్తం సరిగ్గా వస్తోందా’ అని అడిగిందా లేదా? అడగనిది ఎంత పెద్ద పేరున్నవాళ్ళు చెప్పినా అమ్మగారి కోసం మాత్రం పక్కన పెట్టేయండి.

కాబట్టి ఇంకేం చదవకముందే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ ఆస్పత్రి వాళ్ళు తయారు చేసి 2011లో ప్రచురించింది, ఏ పరికరమూ అక్కర్లేదు. అమ్మగారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. తాకినప్పుడు కుడో ఎడమో చెప్పమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆవిడ కాలి వేళ్ళ కొసలను తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, తర్వాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, చివరికి కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు. నొక్కకూడదు, గిల్లకూడదు, చక్కిలిగింత పెట్టకూడదు. తెలియలేదంటే రెండోసారి గట్టిగా తాకి ‘ఇప్పుడు తెలిసిందా అమ్మా’ అనకూడదు, ఒక్కసారే. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. అప్పుడు డాక్టరు దగ్గర పది గ్రాముల మోనోఫిలమెంటుతో (పాదానికి ఆనించి చూసే సన్నని నైలాన్ పోగు), ట్యూనింగ్ ఫోర్కుతో (తాకితే కంపనం తెలుస్తోందా అని చూసే లోహపు కడ్డీ) పరీక్ష చేయించాలి.

స్పర్శకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం మన పక్క రాష్ట్రంలోనే ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి వచ్చి కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. జబ్బు వల్ల వేళ్ళు కుళ్ళి ఊడిపోతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో, కుళ్ళబెట్టేది జబ్బు కాదు, నొప్పి తెలియకపోవడం వల్ల రోజూ తగిలే దెబ్బలని చూపించినవారాయన. తర్వాత అమెరికా వెళ్ళి అదే పాఠాన్ని షుగర్ కాళ్ళకు వర్తింపజేశారు. ఇంకో మాట. షుగర్ లేకుండానే కాలు మొద్దుబారినా, దాంతో పాటు ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉన్నా కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. పీహెచ్‌సీలో మందు ఉచితం. మన రాష్ట్రాల్లో ఆ జబ్బు ఇంకా పోలేదు.

ఇక మడమ నొప్పి. పొద్దున తొలి అడుగుల్లో పోటు, పది అడుగులు వేశాక తగ్గడం, చాలాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ రావడం. ఇలా ఉంటే ఎక్కువమందిలో అది ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ ఒత్తిడికి గురవడం. మన దగ్గర ఎక్స్‌రే తీయగానే ‘మడమలో ఎముక పెరిగింది’ అంటారు. విన్నవాళ్ళకు లోపల ముల్లు గుచ్చుకుంటున్నట్టే ఊహ వస్తుంది, ఆపరేషన్ చేసి తీసేయాలేమో అనుకుంటారు. ఆ ఎముక కొస నొప్పి లేనివాళ్ళలో కూడా చాలామందికి ఉంటుంది, నొప్పి ఉన్న కొందరికి ఉండదు. ఎక్స్‌రేలో అది కనిపించినంత మాత్రాన మీ నొప్పికి కారణం దొరికినట్టు కాదు. మంచి సమాచారానికి ఇదొక గీటురాయి: మడమ ముల్లు గురించి భయపెట్టి, దాన్ని కరిగించే నూనో పొడో అమ్మే పేజీని అక్కడే మూసేయొచ్చు.

నమ్మదగ్గ చోట్లన్నీ ఈ నొప్పికి చెప్పేది దాదాపు ఒకటే, అదేమంత ఆకర్షణీయంగా ఉండదు. మంచం మీద కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలి వేళ్ళను పట్టుకుని వెనక్కి, అంటే ముంగాలి వైపు లాగి పది సెకన్లు ఉంచడం. ఇలా పదిసార్లు. తొలి అడుగు వేయకముందే ఒక విడత, పగలు ఇంకో రెండు విడతలు. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం. మడమ దగ్గర మెత్తగా ఉండే చెప్పులు, బరువు ఉంటే తగ్గడం. చాలామందికి ఆపరేషన్ ఊసు లేకుండానే కొన్ని నెలల నుంచి ఏడాది లోపు తగ్గుతుంది. నెలలు అనే మాట వీడియోల్లో వినపడదు, అందుకే జనం పది రోజులు చేసి ‘పనిచేయలేదు’ అని ఇంజెక్షనుకు వెళ్తారు. ఆ స్టెరాయిడ్ ఇంజెక్షను మీద ఉన్న ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష ఒకటి కాక్రేన్ అనే సంస్థ నుంచి 2017లో వచ్చింది. నొప్పి నెల రోజుల దాకా కొద్దిగా తగ్గవచ్చు, ఆ తర్వాత తేడా లేదు అన్నది దాని సారం, అదీ బలహీనమైన ఆధారాలతో. పైగా షుగర్ ఉన్నవారికి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. వద్దనడం లేదు, డాక్టరు చెబితే ఈ రెండూ అడిగి వేయించుకోండి.

ఇక్కడే నా అసలు మాట మళ్ళీ వస్తుంది. మంచి సైట్లు కూడా గడ్డకట్టిన నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించమంటాయి. స్పర్శ ఉన్నవారికి బాగుంటుంది. ఆ ఆరు వేళ్ళ పరీక్షలో అమ్మగారికి స్పర్శ తగ్గిందని తేలితే మాత్రం వద్దు, చలి కూడా చర్మాన్ని కాలుస్తుంది, ఆవిడకు తెలియదు. సూది మొనల్లాంటి గుబ్బలుండే ఆక్యుప్రెషర్ చెప్పులూ అంతే. ఎగ్జిబిషన్లలో, తీర్థయాత్రల దగ్గర షుగర్ వాళ్ళకే ప్రత్యేకంగా అన్నట్టు అమ్ముతారు. మొద్దుబారిన కాలికి అంతకన్నా చెడ్డ చెప్పు నేను చూడలేదు.

ఆనెకాయ విషయంలో ఇంకా జాగ్రత్త. దానికి వేరు ఉంటుందని, ఆ వేరు లాగేస్తే పోతుందని మనవాళ్ళ నమ్మకం. బస్టాండ్ల దగ్గర కూర్చుని వేరు తీసి చూపించేవాళ్ళూ ఉంటారు. వేరు లేదు. ఒకేచోట పదేపదే ఒత్తిడి పడితే చర్మం తనను కాపాడుకోవడానికి గట్టిపడుతుంది, అంతే. ఒత్తిడి తీయకుండా కోసినా, కాల్చినా, మళ్ళీ వస్తుంది. కార్న్ క్యాపులో ఉండేది సాలిసిలిక్ యాసిడ్, సాధారణంగా నలభై శాతం. అది ఆనెకాయనూ కరిగిస్తుంది, పక్కనున్న మంచి చర్మాన్నీ కరిగిస్తుంది. షుగర్ ఉన్నవారు వాడొద్దని చాలా ప్యాకెట్ల మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పక్కింటావిడ ఆ అక్షరాలు చదివి ఉండరు. చిటికెన వేలి కింద ఆనెకాయ అంటే చెప్పు అక్కడ ఒరుసుకుంటోందనో, నడకలో బరువంతా అక్కడ పడుతోందనో అర్థం. మొద్దుబారిన కాలిలో ఆనెకాయ కింద పుండు దాక్కుని ఉండటం నేను తరచూ చూసేదాన్ని. పైన గట్టిగా, లోపల చీము. ఆనెకాయ మధ్యలో నల్లగానో ఎర్రగానో కమిలినట్టు ఉంటే అది లోపల రక్తం చిమ్మిన గుర్తు, ఆ వారంలోనే చూపించాలి. బ్లేడుతో ఇంట్లో చెక్కడం ససేమిరా వద్దు.

అది అసలు ఆనెకాయేనా అన్నదీ చూడండి. నిలువుగా నొక్కితే నొప్పి వస్తే ఆనెకాయ కావచ్చు, రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి వచ్చి, చర్మం గీతలు దాని మీద తెగిపోయి, లోపల చిన్న నల్ల చుక్కలు కనిపిస్తే పులిపిరి కావచ్చు. దానికి వైద్యం వేరు. న్యూజీలాండు చర్మవైద్యులు నడిపే డెర్మ్‌నెట్ సైటులో రెండింటికీ ఫోటోలున్నాయి, పోల్చి చూడొచ్చు.

వేళ్ళ సందుల దురదకు షాపులో ఇచ్చిన ట్యూబు వెనకాల పేర్లు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటివి ఏవైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. మన దేశంలో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులు ఇష్టం వచ్చినట్టు అమ్ముడయ్యాయి. రాయగానే రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూ ఉంటుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా అంటే మీ చేతిలో ఉన్న ట్యూబే జవాబు. స్నానం తర్వాత వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం, స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు డాక్టరు చెప్పినన్ని వారాలు వాడటం, పని ఇంతే. ఈ చిన్న దురదను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే పాచిపోయిన ఆ సందు నుంచే క్రిములు లోపలికి వెళ్ళి కాలంతా ఎర్రబడి, వణుకు జ్వరం వచ్చి చేరినవాళ్ళు వార్డులో ఎప్పుడూ ఉండేవారు. వరినాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు, బోదకాలు ఉన్నవాళ్ళు ఇందులో ఎక్కువ. బోదకాలికి మాటిమాటికి జ్వరం రావడానికి కారణం చాలావరకు వేళ్ళ మధ్య చీలికలే. రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి.

మడమల పగుళ్ళకు పెద్ద కథేం లేదు. యూరియా ఉన్న క్రీముగానీ మామూలు వేజలీనుగానీ రోజూ రాత్రి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయొద్దు. వేడి మైనం పోసే చిట్కా అమ్మగారికి వద్దు. ఎంతకీ తగ్గని పగుళ్ళు సోరియాసిస్ కావచ్చు, చర్మ డాక్టరుకు చూపించండి.

యూరిక్ యాసిడ్ గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు, కాలు నొప్పనగానే ల్యాబ్ వాళ్ళు ఆ పరీక్ష చేసేస్తారు కనుక. ఆ అంకె ఎక్కువ ఉన్న చాలామందికి గౌట్ (కీళ్ళలో యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే వాపు, నొప్పి) ఎప్పటికీ రాదు. నిజంగా గౌట్ పోటు వచ్చిన రోజున అంకె మామూలుగా ఉండొచ్చు కూడా. రాత్రికి రాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే అది వేరే సంగతి. మడమ నొప్పికి టమాటాలు, పప్పు మానేసి కూర్చోవడం అనవసరం.

ఇప్పుడు ఎక్కడ చదవాలో చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైటులో మడమ నొప్పి, ఆనెకాయలు, గోరు లోపలికి పెరగడం వంటివాటికి తేలిక ఇంగ్లీషులో చిన్న పేజీలున్నాయి. ప్రతి పేజీ అడుగున ఎప్పుడు సమీక్షించారో, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారో తేదీలుంటాయి. ఎముకలు, కీళ్ళకు అమెరికా ఎముకల వైద్యుల సంఘం వారి ఆర్థోఇన్ఫో. షుగర్ కాళ్ళకు మాత్రం అన్నిటికన్నా పైమాట ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ బృందానిది. వాళ్ళ మార్గదర్శకాలు నాలుగేళ్ళకోసారి మారుతుంటాయి, 2023వి ఉచితంగా దొరుకుతాయి. డాక్టర్ల కోసం రాసినవే అయినా నివారణ భాగం ఎవరైనా చదవొచ్చు. కాలి పరీక్ష ఎంత తరచుగా అన్న పట్టిక అందులో ఉంది. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికోసారి. రెండింటిలో ఒకటి తగ్గితే ఆరు నెలల నుంచి ఏడాది లోపు. రెండూ తగ్గినా, ఒకటి తగ్గి కాలి ఆకారం మారినా మూడు నుంచి ఆరు నెలలకు. స్పర్శో రక్తప్రసరణో తగ్గిన కాలికి ఇదివరకు పుండు పడి ఉంటే ఒకటి నుంచి మూడు నెలలకు. మీ డాక్టరు కాళ్ళు చూడకుండా కేవలం షుగర్ రిపోర్టు చూసి పంపేస్తుంటే ‘కాళ్ళు కూడా చూడండి సార్’ అని మేజోళ్ళు విప్పి కూర్చోమనండి అమ్మగారిని.

అయితే ఈ సైట్లు చాలావరకు బూట్లు, మేజోళ్ళు వేసుకునే తెల్లవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవని గుర్తుంచుకోవాలి. ‘ఎర్రబడితే’ అని రాస్తారు. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు అంతగా కనపడదు, నల్లబడినట్టో నిగనిగలాడినట్టో ఉంటుంది. అందుకని చేతి వెనకభాగం ఆనించి రెండు కాళ్ళ వేడినీ పోల్చి చూడండి. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో నడవొద్దంటారు. మన ఇళ్ళల్లో చెప్పులు గడప బయటే, కాబట్టి ఇంటికి మాత్రమే అని కొత్త జత ఒకటి కొనండి, దాన్ని వీధిలోకి తీసుకెళ్ళకూడదు. వెనక పట్టీ ఉండాలి. హవాయి చెప్పు మొద్దుబారిన కాలి నుంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు, బొటనవేలి సందులో దాని పట్టీ కోసేస్తుంది. ఎండాకాలం గుడి రాళ్ళ మీద ప్రదక్షిణలు, అయ్యప్ప మాలలో చెప్పుల్లేని నడక ఏ విదేశీ పేజీలోనూ ఉండవు. మా గదికి బొబ్బలతో వచ్చేవాళ్ళు మాత్రం ఏటా ఉండేవారు. స్పర్శ తగ్గినవాళ్ళు గురుస్వామికి ముందే చెప్పి చెప్పులు వేసుకోవడమే మంచిది. అమ్మగారి మెట్టెలు కూడా చూడండి, కాలు వాచినప్పుడు అవి బిగుసుకుపోతాయి. తేలిగ్గా తిరగకపోతే తీసేయండి.

పోడియాట్రిస్టు అనే వైద్యులు మన ఊళ్ళలో దాదాపు లేరు, మరి ఆ పేజీ చివరి సలహాను ఎలా పాటించాలి? చర్మం, గోళ్ళు, పులిపిర్లు, దురదకు చర్మవైద్యులు. మడమ నొప్పికి ముందు మంచి ఫిజియోథెరపిస్టు, తగ్గకపోతే ఎముకల డాక్టరు. మొద్దుబారడం, మంటలకు షుగర్ చూసే డాక్టరు. ఆవిడ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా అడగండి, ఆ మందు దాన్ని తగ్గిస్తుంది. కాలు చల్లగా ఉండి, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గుతుంటే రక్తనాళాల సర్జన్. పుండు పడితే జనరల్ సర్జన్, వీలైతే ప్రత్యేకంగా షుగర్ కాళ్ళ విభాగం ఉన్న ఆస్పత్రి. డాక్టరు పేరు మీద అనుమానముంటే జాతీయ మెడికల్ కమిషన్ సైటులోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకొచ్చు. ‘షుగర్ పూర్తిగా నయం’ అనే ప్రకటన కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు, అలాంటి ప్రకటనే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అరికాలికి అంటిస్తే విషాలు లాగేస్తాయనే పట్టీలు కూడా అంతే, వాటిని అమ్మిన కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే కేసు పెట్టింది.

కొన్ని కనపడితే చదవడం ఆపేసి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఏ చిన్న పుండైనా, అందులోంచి వాసన వస్తున్నా, వేలు నల్లబడినా, ఎరుపు గీత పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది: షుగర్ ఉన్నవారికి పుండేమీ లేకుండానే ఒక కాలు వాచి, రెండో కాలికన్నా వేడిగా ఉండి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోవడం. దాన్ని షార్కో ఫుట్ అంటారు. లోపల ఎముకలు చితికిపోతుంటాయి, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. బెణికిందనో, గౌట్ అనో, ఇన్ఫెక్షన్ అనో అనుకుని కట్టు కట్టుకుని నడిచేస్తారు, కొన్ని వారాల్లో పాదం ఆకారమే మారిపోతుంది. అలా కనిపిస్తే కాలు కింద పెట్టనివ్వకుండా తీసుకెళ్ళండి, ‘షార్కో కావచ్చా’ అని మీరే అడగండి.

ఈ వారం మీరు చేయాల్సింది: ఆరు వేళ్ళ పరీక్ష, షాపు ట్యూబు వెనక పేర్లు చదవడం, కార్న్ క్యాపు చెత్తబుట్టలో వేయడం, ఇంట్లో వేసుకోవడానికి ఒక జత చెప్పులు కొనడం. కాళ్ళు కడిగే నీళ్ళ వేడి అమ్మగారు పాదంతో కాదు, మోచేతితో చూసుకోవాలి. పరీక్షలో ఎన్ని వేళ్ళు తెలియలేదో, ఆనెకాయ మధ్యలో రంగు ఎలా ఉందో రాయండి. ఎంత తొందరగా, ఎవరి దగ్గరికి అన్నది దాన్నిబట్టి చెబుతాను. రెండు వేళ్ళో ఎక్కువో తెలియకపోయినా, ఆనెకాయ మధ్యలో కమిలినట్టున్నా నా జవాబు కోసం ఆగకుండా చూపించేయండి.